వాకిట్లో ముగ్గు, వీధిలో కుక్క

సికింద్రాబాద్‌లో 31 ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్న పశువైద్యురాలు ఈ నెల పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు.

డాక్టరమ్మగారికి నమస్కారం. అల్వాల్‌లో ఇల్లు కట్టుకుని మాకు ఇరవై రెండేళ్లయింది. రోజూ పొద్దున ఐదున్నరకి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గు పెడతాను. ఆరయ్యేసరికి మూడిళ్ల అవతలి అబ్బాయి తన కుక్కని గొలుసు లేకుండా వదిలేస్తాడు. అది సరిగ్గా నా ముగ్గు మీదికే వచ్చి దొడ్డికి కూర్చుంటుంది. అదేమంటే "రోడ్డేమన్నా మీ సొంతమా ఆంటీ?" అంటాడు. అది రాట్‌వీలర్. సాయంత్రాలు ముగ్గురు నలుగురు స్నేహితులతో బైకుల మీద కూర్చుని, సైకిలు తొక్కే పిల్లల మీదికి దాన్ని ఉసిగొలిపి నవ్వుకుంటారు. మా మనవడు ట్యూషన్‌కి వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి పోతున్నాడు. మా వారు వాళ్ల నాన్నని అడగబోతే "మా కుక్క ఎవర్నన్నా కరిచిందా?" అన్నారట. కరిచేదాకా ఆగాలా?
— ఒక అమ్మమ్మ, అల్వాల్

ఆగొద్దమ్మా. మీ ఉత్తరంలో రెండు గొడవలున్నాయి. ఒకటి ఓపికతో తీరేది. రెండోదానికి ఓపిక పనికిరాదు.

ముందు ముగ్గు సంగతి. కుక్క మిమ్మల్ని అవమానించాలని మీ వాకిలికి రావడం లేదు. నిన్న ఎక్కడ కూర్చుందో ఆ వాసన పట్టుకుని ఇవాళ మళ్లీ అక్కడికే వస్తుంది. మీరు నీళ్లు కొట్టి కడిగినా మనకి పోయిన వాసన దానికి పోదు. పైగా చాలా కుక్కలకి నిద్ర లేవగానే, తిండి తిన్న కాసేపటికి దొడ్డికి వస్తుంది. అంటే ఆ అబ్బాయి పొద్దున ఒక్క పావుగంట గొలుసు చేత పట్టుకుని దాన్ని ఖాళీ స్థలం వైపు నడిపిస్తే, పాత పేపరు ముక్కతో ఎత్తి కవర్లో వేసి ముడేస్తే, మీ ముగ్గుకి ఏ గండమూ ఉండదు. పావుగంట, ఒక పేపరు ముక్క. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇది శుభ్రతతో ఆగిపోయే విషయం కూడా కాదు. కడుపులో పురుగులు పోయే మందు సరిగ్గా పడని కుక్క మలంలో కొంకిపురుగుల గుడ్లు, ఏలికపాముల గుడ్లు ఉండొచ్చు. మట్టిలో పడ్డ కొంకిపురుగు గుడ్లు పొదిగి, వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు ఉత్త కాళ్లతో తిరిగే పిల్లల చర్మంలోంచి లోపలికి పోతాయి. ఏలికపాము గుడ్లు చేతుల మీదుగా నోట్లోకి పోతాయి. అందుకే కాబోలు మా అమ్మ తెనాలిలో, వాకిట్లో కుక్క పాడుచేసిన చోట ముందు బూడిద పోసి, పారతో మట్టితో సహా ఎత్తి పారేశాకే కళ్లాపి చల్లేది. మీరు కూడా ఎత్తకుండా నీళ్లు కొట్టకండి. కొడితే ఆ గుడ్లు వాకిలంతా పరుచుకుంటాయి.

ఇక రెండోది. పిల్లల మీదికి కుక్కని ఉసిగొల్పడం అల్లరి అనుకుని వదిలేసేది కాదమ్మా. కుక్కకి తరమడమే పెద్ద బహుమతి. సైకిలు పరిగెత్తుతుంది, అది వెంటపడుతుంది, పక్కన యజమాని నవ్వుతాడు. నాలుగు రోజులు ఇలా జరిగితే చక్రం కనిపించడమే దానికి హుకుం అవుతుంది. ఐదో రోజు ఆ అబ్బాయి ఈల వేసినా వినదు. పెద్దయిన మగ రాట్‌వీలర్ 50 కిలోలకు పైనే తూగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు పాతిక కిలోలుంటాడేమో. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం పార్సిలు ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల కుర్రాడు, లోపలి నుంచి జర్మన్ షెపర్డ్ మీదికి దూకితే భయపడి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అందుకే "కరిచిందా?" అన్న ప్రశ్న తప్పు. ఆ కుర్రాడి ప్రాణం పోవడానికి భయం చాలింది.

నా సంగతి ఒకటి చెప్తాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మా ఇంట్లో రాజా అని ఉండేవాడు, సగం అల్సేషన్, సగం వీధి కుక్క. చాలా నెమ్మది. ఒకరోజు పొద్దున పాల ప్యాకెట్ తీసుకుని వస్తూ గేటుకి గొళ్లెం పెట్టలేదు నేను. పేపర్ వేసే అబ్బాయి సైకిలు దిగి పేపరు విసిరేలోపు రాజా వెళ్లి పిక్క పట్టేశాడు. ఆ అబ్బాయికి పద్నాలుగేళ్లుంటాయేమో. ఏడవలేదు. రోడ్డు మీద చెల్లాచెదురుగా పడ్డ పేపర్లు తడుస్తున్నాయని ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. కాలు పంపు కింద పెట్టించి సబ్బుతో కడిగి, నా స్కూటర్ మీద కుక్క కాటు ఇంజెక్షన్లు వేసే ప్రభుత్వ సంస్థ, నారాయణగూడ ఐపీఎమ్‌కి తీసుకెళ్లాను. ఇంజెక్షన్లు అయ్యేదాకా ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. ఆఖరి రోజు వాళ్ల అమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. "మీ కుక్క మంచిదేనమ్మా, మీరు గొళ్లెం పెట్టుకుంటే సరిపోయేది" అంది. పశువుల డాక్టర్ని, నాకు ఆ మాట చెప్పడానికి ఇళ్లలో పనిచేసుకునే ఆవిడ కావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మా గేటుకి రెండు గొళ్లేలు.

మీరు చేయాల్సింది చెప్తాను. మీ వారు ఒక్కరే వెళ్లొద్దు. పిల్లలున్న ఇళ్లవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి, గొడవైన పూట కాకుండా ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. ఆ నాన్నగారిని మూడే అడగండి: బయటికి వస్తే గొలుసు, దొడ్డికి పేపరు, మున్సిపల్ లైసెన్సు. లైసెన్సుకి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆ ఒక్క కాగితం అడిగితే టీకా సంగతీ తేలిపోతుంది. జన్మలో గొలుసు ఎరగని కుక్క మొదట్లో గింజుకుంటుంది, అందుకని మూతికి చిక్కం కూడా వేయమనండి. మజిల్ అని షాపుల్లో అమ్ముతారు. నాలుక బయటపెట్టి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్టలాంటిది తీసుకోవాలి. మూతిని బిగించి కట్టేసే గుడ్డపట్టీ మన ఎండలకి ప్రమాదం.

వినకపోతే, పిల్లల మీదికి ఉసిగొల్పుతున్నప్పుడు తేదీ, టైము తెలిసేలా వీడియో తీయండి. మున్సిపాలిటీ వెటర్నరీ విభాగంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆ కాపీతో పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు, తీవ్ర గాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వాళ్లకి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. కరిచి తీరాలని అందులో లేదు.

ఒక్కటి మాత్రం చేయకండి. ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అన్నంలో ఏదన్నా కలిపి పెట్టెయ్యమని. అలా విషం తిన్న కుక్కల్ని నా టేబుల్ మీద పడుకోబెట్టుకున్నాను. కాళ్లు కొట్టుకుంటూ, నురగ కక్కుకుంటూ ఎంతసేపటికీ ప్రాణం పోక అవి పడే బాధ మీరు చూడలేరు. చట్టంలో దానికి ఐదేళ్ల వరకు జైలుంది. ఆ కుక్క చేసిన తప్పు ఏదీ లేదు, ఆ అబ్బాయి నేర్పింది నేర్చుకుంది.

ఆ అబ్బాయి గురించీ ఒక మాట. ఇలాంటి వాళ్లు నా క్లినిక్‌కి వస్తారు. వీధిలో కాలర్ ఎగరేసుకుని తిరిగేవాడు, కుక్కకి సెలైన్ పెడుతుంటే గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటాడు. దాని మీద ప్రేమ లేక కాదు, దాన్ని ఎలా పెంచాలో చెప్పినవాళ్లు లేక. ఓ రోజు కోపం పక్కన పెట్టి "దాని పేరేంటి బాబూ?" అని అడిగి చూడండి. మీ మనవణ్ణి పక్కన పెట్టుకుని కాదు సుమా, గేటు లోపల నిలబడే.

మేడమ్, మేమిద్దరం సాఫ్ట్‌వేర్. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ల బీగిల్ ఉంది. పొద్దున తొమ్మిదికి మేం ఆఫీసుకి వెళ్లగానే మొదలుపెడితే సాయంత్రం ఏడు దాకా అరుస్తూనే ఉంటుందని, పై ఫ్లాటులో పసిబిడ్డకి నిద్ర లేదని ఫిర్యాదులు. 15 రోజుల్లో కుక్కని తీసెయ్యమని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. లిఫ్టు కూడా వాడొద్దన్నారు. వాళ్లకి ఆ హక్కుందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

లేదు. అందరూ చేతులెత్తి తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ నుంచి వెళ్లగొట్టడానికి, లిఫ్టు ఎక్కనివ్వకపోవడానికి అసోసియేషన్లకి అధికారం లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట రాసి నోటీసుకి జవాబివ్వండి.

కానీ తల్లీ, ఆ కాగితం చూపిస్తే పై ఫ్లాటులో పసిబిడ్డ నిద్రపోతుందా? పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా పది గంటలు. బీగిల్‌ని ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేటకి గుంపులుగా పెంచారు. గొంతెత్తి అరిచి వేటగాడికి దారి చూపించడమే దాని పని. గుంపులో బతకాల్సినదాన్ని ఒంటరిగా తలుపేసి పెడితే అది ఎవర్ని పిలవాలి? మిమ్మల్నే పిలుస్తోంది.

పాత ఫోను ఒకటి హాల్లో పెట్టి రికార్డు చేయండి. మీరు వెళ్లిన మొదటి అరగంటలోనే ఏడుపు మొదలైతే అది ఒంటరితనం భయం కావచ్చు. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా అరిస్తే కాపలా. ఏడుపయితే, పొద్దున మీరు వెళ్లేముందు ముప్పావుగంట నడిపించండి, వాసన చూసుకుంటూ పోనివ్వండి, లాక్కెళ్లొద్దు. దాని తిండి గిన్నెలో పోయకుండా పాత తువ్వాలు మడతల్లో దాచి పెట్టి వెళ్లండి. వెతుక్కోవడం బీగిల్‌కి పండగ. సెలవు రోజుల్లో తాళంచెవులు గలగలలాడించి, చెప్పులేసుకుని, తలుపేసి ఒక్క నిమిషంలో తిరిగి రండి. తర్వాత మూడు నిమిషాలు, పది నిమిషాలు. వెళ్లేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్లూ వద్దు. కాపలా అరుపయితే దాని మంచం తలుపుకి దూరంగా లోపలి గదికి మార్చి, ఫ్యాను వేసి వెళ్లండి. ఏదైనా సరే మధ్యాహ్నం ఒకసారి మనిషి రావాలి. మీ బ్లాకులోనే రిటైరైన వాళ్లెవరైనా ఉంటారు, అడగండి. కరెంటు షాకు ఇచ్చే కాలర్లు మాత్రం కొనకండి. భయంతో అరిచేదానికి ఇంకో భయం తోడవుతుంది.

ఇవాళే పై ఫ్లాటుకి వెళ్లి మీ ఫోన్ నంబరు ఇచ్చి, "నెల రోజులు టైమివ్వండి, అరిస్తే నాకు మెసేజ్ పెట్టండి" అని చెప్పండి. అసోసియేషన్‌కి జవాబు రాయడం ఆ తర్వాత పెట్టుకోండి.

పక్కింటి పెంపుడు కుక్క మా నాన్న చేతిమీద కరిచింది, కొంచెం రక్తం వచ్చింది. "దానికి అన్ని ఇంజెక్షన్లూ వేయించాం, మీకేం అక్కర్లేదు" అంటున్నారు. నాన్న పసుపు, కారం అద్దుకున్నారు. చాలా?
— విజయవాడ పాఠకుడు

చాలదు బాబూ. ఇది చదివిన వెంటనే ఆయన్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రోజులు గడిచినా సరే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కుక్కకి టీకా కార్డు ఉన్నా డాక్టరు చూడకుండా ఆగకూడదు. గాయమైన నిమిషంలో చేయాల్సింది సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగడం. కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. చర్మంలోకి వేసే టీకాలయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి నాలుగుసార్లు వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ గురించి కూడా అడగండి. ఆ కుక్కని పది రోజులు కట్టేసి చూసుకోమని పక్కింటివాళ్లకి చెప్పండి. పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే భయం తగ్గినట్టే, ఆపైన టీకాలు ఎన్ని వేయాలో డాక్టరు చెప్తారు. ఖర్చేమైనా అయితే పక్కింటివాళ్లే పెట్టుకోవడం న్యాయం.

నేను రోజూ రాత్రి మా గేటు ముందు ఆరు వీధి కుక్కలకి అన్నం పెడతాను. ఎదురింటివాళ్లు రోజూ పోట్లాట. మూగజీవాలకి పెడితే తప్పా?
— రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

పెట్టడం తప్పు కాదు మాస్టారూ. గేటు ముందు పెట్టడమే ఇబ్బంది. అన్నం పెట్టిన చోటుని కుక్కలు తమదనుకుంటాయి, రాత్రి పూట అటు వచ్చే బండివాణ్ణి తరుముతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా పిల్లలు ఆడే చోట్లకి, మెట్లకి, జనం వచ్చిపోయే దారులకి దూరంగానే తిండి పెట్టాలని చెప్తున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, కేటాయించిన చోటే పెట్టాలంది. మీ వార్డు కార్యాలయంలో ఆ చోటు చూపించమని అడగండి. ఎదురింటాయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి, ఆయనకీ కావాల్సింది అదే కదా.

అలాగే ఆ ఆరు కుక్కల చెవులూ చూడండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క చెవి అంచున చిన్న గాటు ఉంటుంది. గాటు లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి మున్సిపాలిటీకి చెప్పండి. మీ చేతి అన్నానికి అలవాటు పడ్డాయి కాబట్టి ఆపరేషన్‌కి తీసుకెళ్లే బండి వచ్చిన రోజు వాటిని పట్టించగలిగేది మీరే. ఆ పూట మాత్రం అన్నం పెట్టకండి, మత్తుమందు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి.