కొత్త బండికి తొందరపడి బెజ్జం పెట్టకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఇసుజు వి-క్రాస్ పికప్ బండి కొన్నావని, లైట్లు, గార్డు, వెనక బాడీకి కావలసినవన్నీ నీ చేత్తోనే బిగించుకుంటానంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారైన బండి మన చెరువుగట్ల మీద తిరుగుతుంది. ఇన్నేళ్ళు బండ్ల మధ్యే బతికినవాణ్ణి కాబట్టి ముందే ఒక మాట చెబుతున్నాను. డ్రిల్లు మిషన్ ఇప్పుడే బయటికి తీయకు. బెజ్జం పెట్టకుండా అయ్యే పనులన్నీ ముందు చేసుకో.

ఎందుకంటావా? మొగల్తూరు, నరసాపురం వైపు గాలిలోనే ఉప్పుంటుంది. పైగా నువ్వు మోసేది రొయ్య. ట్రేల్లోంచి కారిన నీళ్ళు బాడీ మూలల్లోకి చేరి, ఎండకి నీరు ఆవిరైపోయినా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మా వీధిలో ఒకాయన సామాను కట్టుకోడానికని బాడీ పక్కరేకుకి నాలుగు బోల్టులు వేయించాడు. బెజ్జం అంచుకి రంగు పూయలేదు. మొన్న చూస్తే బోల్టు చుట్టూ రంగు రూపాయి బిళ్ళంత ఉబ్బి ఉంది. గోటితో నొక్కితే పెంకు ఊడి, కింద ఎర్రటి పొడి రాలింది. పైకి కనిపించేది అంతే, రేకు వెనకవైపు ఇంకా దూరం పాకిపోయింది.

అందుకని మొదటి ఖర్చు వెనక బాడీ మీద పెట్టు. ప్లాస్టిక్ తొట్టిలాంటి లైనర్లు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటి కింద నీళ్ళు నిలుస్తాయి, బండి కదిలినప్పుడల్లా అంచులు రంగుని రాస్తాయి. మన ప్రాంతానికి బ్రష్‌తో పూసుకునే మందపాటి కోటింగే మేలు. సంక్రాంతి వెళ్ళాక, మంచు తగ్గి ఎండ ముదిరిన పూట మొదలుపెట్టు. తేమలో పూస్తే అది పట్టదు, పొరలుగా లేచిపోతుంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దు. రేకు బయటపడేదాకా రుద్దకు, మెరుపు పోతే చాలు. తరవాత థిన్నర్ గుడ్డతో తుడువు. నీళ్ళు పోయే కన్నాలు ఎక్కడున్నాయో వెతికి వాటికి టేపు అంటించు. కోటింగ్ ఆ కన్నాల్లో పడి మూసుకుపోయిందంటే పడ్డ శ్రమంతా వృథా. రెండు పూతలు వెయ్యి, డబ్బా మీద ఎన్నాళ్ళు ఆరనివ్వమని రాసి ఉంటే అన్నాళ్ళూ లోడు ఎక్కించకు. దాని మీద రబ్బరు మ్యాట్ పరిస్తే మేత బస్తాలు జారవు. వారానికోసారి మ్యాట్ ఎత్తి కింద మంచినీళ్ళతో కడగడం మాత్రం మానకు.

బెజ్జం తప్పదనుకున్నప్పుడు పెట్టు, కాదనను. కాకపోతే ముందు బాడీకి కంపెనీవాళ్ళు ఇచ్చిన కొక్కేలు, బోల్టు కన్నాలు సరిపోతాయేమో చూడు. చాలా పనులు వాటితోనే అవుతాయి. కొత్తగా పెట్టాల్సి వస్తే అంచుని ఆకురాయితో నున్నగా రాకి, ఆ పొడి ఒక్క రవ్వ కూడా లేకుండా ఊడ్చి, తుప్పు ఆపే జింక్ ప్రైమర్, రంగు పూసి, ఆరాక బోల్టు కింద రబ్బరు వాషర్ వేసి బిగించు. అల్యూమినియం ప్లేట్లు పరుద్దామని ఉంటే వాటికీ ఇనప రేకుకీ మధ్య రబ్బరు ఉండి తీరాలి. వేరువేరు లోహాలు ఉప్పునీళ్ళలో తడుస్తూ ఒకదానికొకటి తగిలి ఉంటే త్వరగా పాడవుతాయి.

లైట్ల సంగతి ఇంకా జాగ్రత్త. రాత్రి రొయ్యల పట్టుబడి ఉన్నప్పుడు వెనక వెలుతురు కావాలి, నిజమే. 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండు చాలు. రెండూ కలిపి సుమారు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి, 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటుని కలిపే రిలే కూడా పెట్టు. దాని కాళ్ళ మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు, 87కి లైట్లు, 86కి స్విచ్, 85కి ఎర్త్. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పెయ్. పాజిటివ్ ముందు విప్పితే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు లేస్తాయి. బండి సొంత వైర్లని కోసి అతికించవద్దు, వారంటీ పోవచ్చు. ఈ లైట్లు రోడ్డు మీద వెయ్యకు. 216 హైవే మీద ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడితే అతనికి దారి కనపడదు.

ముందు బంపర్‌కి ఇనప గార్డు వద్దే వద్దు. 2017లో కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికి ఎక్కువ దెబ్బ తగులుతుంది, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులు ఉంటే సీటు కవర్లు కూడా అందుకు తగ్గట్టు కుట్టినవే తీసుకో.

ఇంకొకటి. ఆర్‌సీలో లోడుతో కలిపి బండికి రాసిన బరువు ఒకసారి చూసుకో. మేత బస్తా 25 కిలోలు, పది వేస్తే 250. నువ్వు బిగించే ఇనుమంతా ఆ లెక్కలోంచే పోతుంది. అందుకే పైన బరువైన మూత బదులు మంచి బరకం, నాలుగు పట్టీలు చాలంటాను.

రిలే, ఫ్యూజు హోల్డరు, వైరు భీమవరంలోనే కొనుక్కో, నాసిరకం తీసుకోకు. పని మొదలుపెట్టే ముందు రోజు ఫోన్ చెయ్యి. ఆకురాయి, జింక్ ప్రైమర్ నా దగ్గర ఉన్నాయి, ఆదివారమైతే నేనే తీసుకుని వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య