లౌగావెగుర్ ట్రెక్‌లో నదులు దాటడం గురించి

జులైలో భార్యాభర్తలిద్దరే ఐస్‌లాండ్‌లో లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మోర్క్ దాకా సాగే ఈ ట్రెక్‌లో నడవాలనుకుంటున్నారు, వంతెన లేని నదులంటే టెన్షన్, చెప్పులు లేకుండా దిగొచ్చా అని అడిగారు. అస్సలు వద్దండి. అడుగున అగ్నిపర్వత రాళ్లు గరుకుగా ఉంటాయి. పైగా అది మంచు కరిగిన నీరు, నిమిషంలో కాళ్లు మొద్దుబారిపోతాయి. మడమకు పట్టీ ఉన్న శాండల్స్ తీసుకెళ్లండి. ఊడిపోయే స్లిప్పర్లు దండగ.

అసలు కిటుకు వేళలో ఉంది. ఎండ ముదిరేకొద్దీ హిమానీనదాలు కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుంది, వాన పడితే ఇంకా ఎక్కువ. చివరి రోజు ఎమ్‌స్ట్రూర్ అనే మజిలీ నుంచి బయల్దేరితే, థోర్స్‌మోర్క్ ఇక వచ్చేసిందనగా థ్రోంగా నది అడ్డొస్తుంది. కాబట్టి ఆ రోజు పొద్దున్నే నడక మొదలుపెట్టండి.

ఇరుకు చోట లోతూ వేగమూ ఎక్కువ. నది పాయలుగా విడిపోయి వెడల్పుగా పారే చోటు వెతకండి. బ్యాగు నడుము బెల్టు, ఛాతీ క్లిప్పు విప్పేయండి; పడితే బ్యాగు వదిలించుకోవాలి. ఇద్దరూ చేతులు పెనవేసుకుని, కర్రలు ఊతంగా, చిన్న అడుగులతో కాస్త దిగువకు ఏటవాలుగా దాటండి. నీరు తొడల దాకా వస్తే వెనక్కి వచ్చేయండి. ఆగడం పిరికితనమేం కాదు.

నది సంగతి ముందు రోజు రాత్రే మీరు బస చేసే గుడిసె వార్డెన్‌ను అడగండి. ఫోన్‌లో అత్యవసర సాయం కోసం ఉండే 112 ఐస్‌లాండ్ యాప్ వేసుకోండి, సిగ్నల్ మాత్రం అన్నిచోట్లా దొరకదు.