బాల్డర్స్ గేట్ మొదటి భాగం మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆటలో మూడో భాగం పూర్తి చేశావని, అందులో పరిచయమైన జహీరా, మిన్స్క్‌ల పాత సంగతులు తెలుసుకోవాలని మొదటి బాల్డర్స్ గేట్ కొన్నావని, కథ మొదలయ్యే కాండిల్‌కీప్ కోట దాటి ఎంతో దూరం పోకముందే మళ్లీ మళ్లీ చనిపోవడంతో ఆటలోనే ఏదో లోపం ఉందేమోనని అనుమానం కలిగిందని రాశావు. లోపమేమీ లేదమ్మా. 1998 డిసెంబరులో బయోవేర్ తయారుచేసిన ఈ ఆట విడుదలైనప్పుడు మాలో చాలామందికి ఆదిలోనే హంసపాదు పడింది. నువ్వు కొన్నది 2012లో బీమ్‌డాగ్ వెలువరించిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ కనుక, ఊరు మారినప్పుడల్లా ఐదు సీడీలలో కావలసినదాన్ని వెతికి పెట్టుకునే అవస్థ నీకు లేదు. నియమాలు మాత్రం అప్పటివే, అంటే బల్లపై పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్‌వే. మూడో భాగంలో అలవడిన పద్ధతులు ఇక్కడ అక్కరకు రావు, కొన్నయితే ప్రాణం మీదికే తెస్తాయి.

అన్నిటికంటే ముందు అంకెల సంగతి తెలుసుకో. నీకు అలవాటైన చోట కవచపు అంకె పెరిగితే మంచిది. ఇక్కడ తగ్గితే మంచిది. ఏ కవచమూ లేని మనిషిది 10, ప్లేట్ మెయిల్ తొడిగినవాడిది 3, ఇంకా మేలైన రక్షణ ఉంటే సున్నా కిందికి కూడా పోతుంది. దెబ్బ తగిలే అవకాశాన్ని నిర్ణయించే థాకో అనే అంకె కూడా అంతే, ఎంత తగ్గితే అంత గురి. నీ థాకో 18, ఎదుటివాడి కవచపు అంకె 4 అనుకో. పద్దెనిమిదిలోంచి నాలుగు తీసివేస్తే 14. ఇరవై ముఖాల పాచికపై 14 గాని అంతకు మించి గాని పడితేనే నీ దెబ్బ తగులుతుంది. అంటే ఇరవైలో పదమూడుసార్లు నీ కత్తి గాలిని నరుకుతుందన్నమాట. ఈ చిన్న తీసివేత ఒక్కసారి చేసి చూసుకుంటే, కవచం కొనడానికి డబ్బు ఎందుకు దాచుకోవాలో, ఎవరి జోలికి ఇప్పుడే పోకూడదో ఎవరూ చెప్పకుండానే నీకు తెలిసిపోతుంది.

తొలి లెవల్లో మనుషులు ఎంత అల్పప్రాణులో కూడా గుర్తుంచుకో. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) ఎంత బాగున్నా మేజ్‌కు, అంటే మాంత్రికుడికి, మొదట్లో మామూలుగా ఆరు హిట్ పాయింట్లకు (ప్రాణబలపు అంకె) మించి ఉండవు. ఒక్క తోడేలు కరిస్తే చాలు. నీ సొంత పాత్ర చనిపోతే మిగతా ఐదుగురూ బతికున్నా ఆట అక్కడితో సమాప్తం. అందువల్ల మొదటిసారి ఆడుతున్నప్పుడు ఫైటర్‌ను, అంటే ఆయుధం పట్టే యోధుడిని, ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. మేజ్‌గానే ఆడతానని పట్టుబడితే కాదనను గాని, అప్పుడు వెనక వరుసలో నిలబడి వడిసెల విసురుతూ చాలాకాలం గడపవలసి ఉంటుంది.

ఇక అసలు విషయం. ఈ ఆటలో పోరాటం ఒకరి తరువాత ఒకరి వంతుగా సాగదు. కాలం నడుస్తూనే ఉంటుంది, స్పేస్ బార్ నొక్కితే ఆగుతుంది. ఆ మీటను దెబ్బలు తగిలిన తరువాత కాకుండా, శత్రువు కంటబడిన క్షణంలోనే నొక్కడం అలవాటు చేసుకో. సెట్టింగులలో ఆటో పాజ్ అనే విభాగం ఉంటుంది. శత్రువు కనిపించినప్పుడు, మనవాడు గాయపడినప్పుడు, ఉచ్చు బయటపడినప్పుడు ఆట తనంతట తానే ఆగేలా అక్కడ పెట్టుకో. ఆరుగురినీ ఒక్కసారిగా చీకట్లోకి నడిపించడం మానుకో. ఒకరిని నాలుగడుగులు ముందుకు పంపి, ఏముందో చూసి, వెంటనే వెనక్కి పిలిపించుకో. తరుముకుంటూ వచ్చినవాడు నువ్వు ముందే వరుసగా నిలబెట్టిన విలుకాండ్ల ఎదుటికి వచ్చి పడతాడు. విల్లు అని ఊరికే అనలేదు: మొదట్లో కత్తి పట్టినవాడు రౌండుకు, అంటే పోరాటంలో ఒక విడతకు, సాధారణంగా ఒక్క దెబ్బ కొడితే, లాంగ్ బో పట్టినవాడు రెండు బాణాలు వేస్తాడు, అదీ దగ్గరికి పోకుండానే. గుమ్మం దొరికితే కవచమున్న ఇద్దరిని అడ్డంగా నిలిపి, తక్కిన నలుగురికీ విల్లో వడిసెలో ఇవ్వు.

ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం మెట్ల దగ్గర టార్నెష్ అనేవాడు నీ పేరడిగి మీద పడుతున్నాడని రాశావు కదా, అక్కడే ఈ పద్ధతిని పరీక్షించి చూడు. వాడు మాట పూర్తిచేసిన వెంటనే పాజ్ చెయ్యి. అందరూ గుంపుగా నిలబడి ఉంటే వాడి హారర్ మంత్రం ఒక్క దెబ్బతో అందరినీ బెదరగొట్టి తలో దిక్కుకూ పరుగెత్తిస్తుంది కనుక, నీ వాళ్లను దూరదూరంగా జరుపు. మంత్రం చదువుతున్నవాడికి ఆ సమయంలో దెబ్బ తగిలితే మంత్రం చెడిపోతుంది. ఇదే ఇక్కడ కీలకం. వాడు తన చుట్టూ ప్రతిబింబాలను సృష్టించుకుంటాడు, తొలి బాణాలు వాటికి తగిలి వృథా అయినట్టు కనిపిస్తాయి. అధైర్యపడకుండా నీ వెంట ఉన్న ఇమోయెన్ విల్లును ఆపకుండా వాడి మీదే ఉంచు. ప్రతిబింబాలన్నీ చెదిరిపోయాక వాడు కూడా నీ మేజ్ లాంటి అల్పప్రాణే.

మంత్రాలలో స్లీప్ కంటే గొప్పది తొలి రోజుల్లో మరొకటి లేదు. కోబోల్డులు, గిబ్బర్లింగులు, హాబ్‌గోబ్లిన్ల వంటి చిల్లర రాక్షసులు గుంపులుగా వచ్చినప్పుడు ఆ ఒక్క మంత్రం పోరాటాన్ని ముగించేస్తుంది, ఎందుకంటే నిద్రపోతున్నవాడికి తగలని దెబ్బంటూ ఉండదు. అస్థిపంజరాల వంటి వాటి మీద పనిచేయదు, ఎల్ఫ్‌లు నూటికి తొంభైసార్లు దానికి లొంగరు. మెరుపులూ మంటలూ చూడటానికి బాగుంటాయి గాని, వాటి కాలం తరువాత వస్తుంది. కొత్త మంత్రాన్ని స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) నుంచి పుస్తకంలోకి రాసుకునేటప్పుడు, కోర్ రూల్స్ అనే కష్టస్థాయిలో ఆడుతున్నట్లయితే, ఇంటెలిజెన్స్‌ను బట్టి విఫలమయ్యే అవకాశం ఉంటుందని, విఫలమైతే ఆ స్క్రోల్ పోతుందని మరచిపోకు.

బృందాన్ని కూర్చేటప్పుడు బలాబలాలతో పాటు స్వభావాలు కూడా చూడాలి. దారిలో ఎదురైన జార్, మాంటరాన్‌లను చేర్చుకున్నావు, సత్రంలో ఖలీద్, జహీరా దంపతులను కూడా చేర్చుకోబోతున్నావు. ఈ రెండు జంటలూ ఉప్పూ నిప్పూ, మాటలతో మొదలై ఒకరినొకరు చంపుకునే దాకా పోగలరు. దంపతులలో ఒకరిని పంపేస్తే రెండోవారు కూడా వెళ్లిపోతారు. నీ పేరుప్రతిష్ఠలు బాగా పెరిగాయంటే అంగళ్లలో ధరలు తగ్గుతాయి, చెడ్డవాళ్లు మాత్రం నీతో పొసగక వెళ్లిపోతారు. నువ్వు ఇష్టపడిన మిన్స్క్ నాష్‌కెల్ అనే ఊరిలో దొరుకుతాడు, భుజం మీద బూ అనే చిట్టెలుకతో సహా. అయితే నోల్‌లు అనే రాక్షసుల కోటలో బందీగా ఉన్న అతడి సహచరి డైనహీర్‌ను విడిపిస్తానని మాట ఇచ్చి కాలయాపన చేస్తే అతడి కోపం నీ మీదికే తిరుగుతుంది. ఇమోయెన్‌ను మాత్రం వదలకు. తాళాలు, ఉచ్చులు ఆమె చూసుకుంటుంది, ఆమె ఇంటెలిజెన్స్ 17 కనుక తరువాత మేజ్‌గా మార్చుకునే వీలు కూడా ఉంది. అలా మార్చాక, కొత్త విద్యలో లెవల్ పాతదాన్ని మించే దాకా పాత నైపుణ్యాలు పనిచేయవు కాబట్టి, ఉచ్చులు నిండిన గుహ మధ్యలో ఆ పని పెట్టుకోవద్దు.

నాష్‌కెల్ గనులకు తొందరపడి పోవద్దు. ముందు బెరెగాస్ట్ అనే ఊరి చుట్టుపక్కల తిరిగి చిన్నచిన్న పనులు పూర్తిచేసి, రెండు లెవల్లైనా పెరిగి, ప్రతి ఒక్కరికీ ఒక ఆయుధం అదనంగా కొనుక్కొని బయలుదేరు. ఇది కథలోని ముఖ్యాంశం కూడా: ఆ ప్రాంతపు ఇనుముకు తెగులు పట్టింది, మామూలు కత్తి పోరాటం మధ్యలో పుటుక్కున విరుగుతుంది, మంత్రశక్తి ఉన్నవాటికి ఆ బెడద లేదు. గనిలో అడుగడుగునా కోబోల్డులు చీకట్లోంచి బాణాలు వేస్తాయి, నేలలో ఉచ్చులుంటాయి. ఇమోయెన్‌ను ముందు పెట్టి నెమ్మదిగా నడువు. అడుగున ఉన్నవాడిని ఓడించాక హమ్మయ్య అనుకుంటూ ఖాళీ చేతులతో బయటికి రాకు. ముందు విశ్రాంతి తీసుకొని, మంత్రాలన్నీ నింపుకొని, సేవ్ చేసుకొని అప్పుడు రా. కారణం చెప్పి కథ పాడుచేయను.

సహచరుడు చనిపోతే గుడికి వెళ్లి డబ్బు చెల్లిస్తే తిరిగి బతికిస్తారు. ఈలోగా అతడి సామాను నేల మీద పడిపోతుంది, ఎవరో ఒకరు మోయాలి. దెబ్బ మరీ బలంగా పడి శరీరం ముక్కలైపోతే మాత్రం ఏ గుడీ ఏమీ చేయలేదు. అందుకే సేవ్‌లు ఒకటి మీద ఒకటి రాయకుండా నాలుగైదు వేరువేరుగా ఉంచుకో. గుర్తింపు తెలియని ఉంగరాన్నీ నడికట్టునూ ఆశపడి ధరించకు, వాటిలో శాపగ్రస్తమైనవి ఉంటాయి. చాలా అంగళ్లలో వంద బంగారు నాణేలిస్తే గుర్తించి చెబుతారు.

లెవల్ పెంచుకోవడానికి ఒకే చోట తిరుగుతూ రాక్షసులను చంపుతూ కూర్చునే ఆలోచన ఉంటే మానుకో. నీ ఎడిషన్‌లో అనుభవానికి 1,61,000 దగ్గర అడ్డుకట్ట ఉంది. ఫైటర్ ఎనిమిదో లెవల్‌తో, మేజ్ తొమ్మిదో లెవల్‌తో ఆగిపోతారు. అంతకంటే అడవుల్లో నల్లగా ఉన్న మ్యాపును మూలమూలలా విప్పుకుంటూ తిరగడంలోనే ఈ ఆట అందమంతా ఉందని నాకు అనిపిస్తుంది. మూడో భాగంలో అంత ఖాళీ నేల ఎక్కడుంది చెప్పు? డర్లగ్స్ టవర్ అనే కోటను మాత్రం చివరికి అట్టిపెట్టుకో. అక్కడి ఉచ్చులు నాష్‌కెల్ ఉచ్చుల వంటివి కావు.

ఇంకొక్క మాట. ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం పై అంతస్తులలో ఒక పెద్దమనిషి నిన్ను పనిమనిషి అనుకొని, ఉతికి తెమ్మని బంగారు లాగు ఒకటి చేతిలో పెడతాడు. రోషపడకుండా తీసుకో, అమ్ముకోవద్దు, ఆట ముగిసేదాకా నీ సొంత పాత్ర సంచిలోనే ఉంచి, చివరి సేవ్‌ను అలాగే రెండో భాగంలోకి తీసుకెళ్లు. దాంతో అక్కడేం పనో అప్పుడు చూద్దువుగాని.

ఇట్లు,
మీ మామయ్య