‘అద్భుతం’ అన్న తరువాత ఏమనాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం వాట్సాప్ సమూహాలలోనూ, ఫేస్‌బుక్‌లోనూ తమ కవితలను పంచుకునేవారివి. ఒకరి రచనకు మరొకరు ఎలా స్పందించాలన్న విషయం చుట్టూ తిరిగే నాలుగు ఉత్తరాలను ఎంచి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు): ఉద్యోగ విరమణ తరువాత వచన కవితలు రాయడం మొదలుపెట్టాను. మా సమూహంలో ఏ కవిత పెట్టినా ‘అద్భుతం మేడమ్’ అన్న మాటలూ, దండం పెట్టే బొమ్మలూ, పూలగుత్తులూ వస్తాయి. ఇతరుల కవితలకు నేనూ అవే పంపుతున్నాను. నా కవితలో బాగున్నదేదో, బాగులేనిదేదో తెలిసేదెలా? ఎవరినీ నొప్పించకుండా పనికివచ్చే మాట చెప్పడమెలా? మా అమ్మగారి మీద రాసిన కవిత ఒకటి జతచేస్తున్నాను.

వంటింట్లో ఆవాలు
చిటపటమన్నప్పుడల్లా
వెనక్కి తిరిగి చూస్తాను
గాజుల చప్పుడనుకొని
అమ్మా, నీవు లేని ఇల్లు శూన్యం
నీ ప్రేమ ఒక మహాసముద్రం

జవాబు: ముందు మీ కవిత సంగతి చూద్దాం, ఎందుకంటే మీ రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే దొరుకుతుంది. నేను మీ సమూహంలో ఉండి ఉంటే ఇలా రాసేవాణ్ణి: “ఆవాల చిటపటలో గాజుల చప్పుడు వినబడడం నన్ను ఆపి మళ్ళీ చదివించింది. మీరు వెనక్కి తిరిగి చూశారని చెప్పగానే ఇల్లు ఎంత ఖాళీగా ఉందో నాకు తెలిసిపోయింది. అందుచేత అయిదో పాదంలో ‘శూన్యం’ అన్న మాట వచ్చేసరికి తెలిసినదాన్నే మళ్ళీ విన్నట్టయింది. ‘మహాసముద్రం’ ఎవరి అమ్మ గురించి అయినా అనవచ్చు. ఆవాలు మాత్రం మీ వంటింటివి. ఒక సందేహం: పొయ్యి దగ్గర ఇప్పుడు మీరు ఉన్నారు కదా, అప్పట్లో అమ్మగారు అక్కడ ఉండి మీరు వెనక ఉండేవారా, లేక మీరు వండుతుంటే ఆమె వెనక నిలబడి చూసేవారా?”

ఈ స్పందనలో కవిత మంచిదో కాదో తేల్చే తీర్పు ఎక్కడా లేదని గమనించండి. ఒక పాఠకుడికి ఏ పాదం దగ్గర ఏం జరిగిందో మాత్రమే ఉంది. నాలుగో పాదంతో కవితను ఆపెయ్యమని నేను సలహా కూడా ఇవ్వలేదు, అయినా ఆ మాట మీకు వినబడే ఉంటుంది. చివరి సందేహం తప్పు పట్టడానికి అడిగినది కాదు. దానికి జవాబు వెతుకుతూ మీరు మరో రెండు పాదాలు రాయవచ్చు, అవి ఇప్పుడున్న చివరి రెండు పాదాల కన్నా మీవిగా ఉండవచ్చు. కవితలోని ఒక చోటును వేలుపెట్టి చూపగలిగితే మెప్పుకోలు అయినా, అభ్యంతరం అయినా కవికి పనికివస్తుంది. చోటు చూపని పొగడ్తా, చోటు చూపని తెగడ్తా రెండూ కవికి ఒక్కలాగే వృథా.

‘అద్భుతం’ అన్న మాటను మానివేయమని నేను చెప్పను. వీధిలో ఎదురైన వారిని ‘బాగున్నారా’ అని అడగడం లాంటిది అది. అరవై ఏళ్ళు దాటాక మొదటి కవిత రాసి, పదిమందిలో పెట్టడానికి జంకే మనిషికి ఆ పలకరింపు చాలా అవసరం. అది తప్ప మరేమీ లేని సమూహంలో మాత్రం ఒక చిక్కు వస్తుంది. ఆవాల పాదానికీ, మహాసముద్రం పాదానికీ ఒకే పూలగుత్తి అందినప్పుడు ఏది నిలుపుకోవాలో, ఏది కొట్టివేయాలో కవికి తెలియదు. పైగా ఏ విషయం మీద రాస్తే పూలు ఎక్కువ వస్తాయో కొద్ది నెలల్లోనే తెలిసిపోతుంది కాబట్టి అందరూ అమ్మ మీద, రైతు మీద, ఉగాది కోయిల మీద, ఆ రోజు వార్త మీద రాయడం మొదలుపెడతారు. సమూహం కవులను ప్రోత్సహిస్తున్నానని అనుకుంటూనే వారు దేని మీద రాయాలో కూడా తానే నిర్ణయించడం మొదలుపెడుతుంది. తనకు మాత్రమే తెలిసిన ఒక సంగతి మీద రాసినవారి కవిత ఎవరి కంటా పడకుండా పైకి జరిగిపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

రోజూ ఇరవై కవితలు వచ్చే చోట అన్నిటికీ నేను పైన రాసినట్టు రాయడం ఎవరి తరమూ కాదు. రోజుకు ఒక్క కవితను ఎంచుకొని, గట్టిగా పైకి చదివి, మూడు వాక్యాలు రాయండి. మిగిలిన వాటికి పలకరింపు చాలు, అది లేకపోయినా ఫరవాలేదు. ‘ఆయన నా కవితకు స్పందించారు, నేను ఆయనకు బాకీ ఉన్నాను’ అన్న లెక్కను మనసులోంచి తీసివేస్తే చదవడానికి తీరిక దానంతట అదే దొరుకుతుంది. కవి అడగనిదే లోపాన్ని అందరి ముందూ చెప్పకండి, విడిగా సందేశం పంపండి. మీరు మాత్రం మీ కవిత కింద ‘సూచనలు కోరుతున్నాను’ అని ఒక మాట రాసి చూడండి. మొదటి వారం ఎవరూ నమ్మరు, తరువాత ఒకరిద్దరు ముందుకు వస్తారు.

ప్రశ్న (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు): సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో పద్యం నేర్చుకుంటున్నాను. ఒక ఆటవెలదిలో రెండో పాదంగా ‘వాన కురిసినంత చెరువు పొంగె’ అని రాసి సమూహంలో పెట్టాను. ఒక పెద్దాయన ‘యతిభంగం, ముందు నేర్చుకొని రండి’ అని అందరి ముందూ రాసి, నా పద్యం మొత్తాన్ని తనకు నచ్చినట్టు తిరగరాసి పెట్టారు. దీన్ని ప్రోత్సాహం అనుకోవాలా?

జవాబు: ఆయన చూపిన దోషం నిజమే. ఆటవెలది రెండో పాదానికి అయిదు సూర్యగణాలు ఉండాలి, అంటే ప్రతి గణమూ గురువు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం), లఘువు (తక్కువ సేపు పట్టేది) కలిసిన గలం గానీ, మూడు లఘువుల నగణం గానీ కావాలి. వాన, కురిసి, నంత, చెరువు, పొంగె అని విడదీస్తే మీ గణాలన్నీ సరిపోయాయి. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి, అదే యతి. ‘వా’కూ ‘చె’కూ ఆ మైత్రి లేదు. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొత్తు, చెల్లుతుంది గాని ఇక్కడ రెండో అక్షరాలు ‘న’, ‘రు’ కాబట్టి అదీ కుదరదు. ఇంతవరకు చెప్పడానికి ఇవాళ మనిషి కూడా అక్కరలేదు, పద్యాన్ని అతికిస్తే ఛందస్సును సరిచూసే ఉపకరణాలు ఇంటర్నెట్టులో ఉన్నాయి.

మనిషి చేయవలసిన పని ఆ తరువాత మొదలవుతుంది. ‘వాన కురిసినంత వాగు పొంగె’ అంటే యతి వెంటనే కుదురుతుంది, కానీ మీ చెరువు వాగైపోయింది. మిగిలిన మూడు పాదాలలో మీరు అలుగు గురించో, కట్ట గురించో చెప్పి ఉంటే ఈ దిద్దుబాటు పద్యాన్ని చెడగొడుతుంది. చెరువును ఉండనిచ్చి పాదం మొదలును మార్చి చూడండి: ‘చిత్త వాన కురిసి చెరువు పొంగె’. ఇ, ఈ, ఎ, ఏలకు స్వరమైత్రి ఉంది కాబట్టి ‘చి’కీ, ‘చె’కూ యతి చెల్లుతుంది. గణాలు చెడలేదు, చెరువు చెరువుగానే ఉంది, పైగా అక్టోబరులో వచ్చే చిత్త కార్తె పద్యంలోకి వచ్చింది. అయితే మీరు రాసినది తొలకరి వాన గురించి అయితే నా సవరణ కూడా పనికిరాదు. కవి ఏ చెరువు గట్టున, ఏ కార్తెలో నిలబడి రాశాడో అడగకుండా దిద్దేవారికి ఎంత ఛందస్సు తెలిసినా సగమే తెలిసినట్టు.

తిరగరాయడం గురించి. పద్యానికి పద్యంతో బదులివ్వడం మనకు కొత్త కాదు. ఆకాశవాణి సమస్యాపూరణ కార్యక్రమంలో ఒకే సమస్యకు, అంటే ఇచ్చిన ఒకే పాదానికి, పలువురి పూరణలు వినబడతాయి, ఒకరి పూరణ మరొకరి పూరణను చెరిపివేయదు. మీ పద్యం చదివి ఉత్సాహం కలిగి ఆ పెద్దాయన అదే వస్తువు మీద తన పద్యం చెప్పి ఉంటే అది మీకు గౌరవమే అయ్యేది. మీ పద్యం స్థానంలో తన పద్యాన్ని పెట్టడం వేరు. మీ పదాలలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి. సగం కూడా మిగలకపోతే అది సవరణ కాదు, ఆయన పద్యం.

కటువుగా మాట్లాడడానికి కొందరు తిరుపతి వేంకట కవులనూ, కొప్పరపు సోదర కవులనూ సాక్ష్యానికి తెస్తారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఆ రెండు జంటల మధ్య నడిచిన స్పర్ధ తీవ్రమైనదే, పద్యాలలో పరస్పరం తూలనాడుకోవడమూ ఉంది. అయితే వారు అవధానాలతో, ఆశుకవిత్వంతో సభలను మెప్పించిన సమఉజ్జీలు. నిన్న గురులఘువులు నేర్చుకున్నవారి మీద ఎవరూ ఆ కత్తి దూయలేదు. ‘నేర్చుకొని రండి’ అన్న మాటకు మీరు ‘నేర్చుకోవడానికే వచ్చానండి, యతి ఎలా కుదురుతుందో చెప్పగలరా’ అని మర్యాదగా బదులు రాయండి. నిజంగా తెలిసినవారైతే చెబుతారు. చెప్పకపోతే ఆ సమూహంలోనే మరొకరు చెబుతారు, ఎందుకంటే పద్యం రాసేవారిలో పాఠం చెప్పాలన్న ఉబలాటం లేనివారు అరుదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు): మా సమూహంలో ఒక మిత్రుడు తండ్రిగారు పోయిన వారానికే ఆయన మీద దీర్ఘ కవిత పెట్టారు. కవితగా చూస్తే బలహీనంగా ఉంది. నిజాయితీగా చెప్పాలా, ఊరుకోవాలా?

జవాబు: ఆయన ఆ వారంలో కవిగా వచ్చి నిలబడలేదు, కాబట్టి మీరూ విమర్శకుడిగా వెళ్ళనక్కరలేదు. అయితే ‘ఓం శాంతి’తో సరిపెట్టకుండా కవితలో ఉన్న ఒక సంగతిని పట్టుకొని రాయండి. తండ్రిగారు సైకిలు తుడుచుకునే అలవాటు గురించి ఒక పాదం ఉంటే, ‘ఆ సైకిలు ఇప్పటికీ ఉందా’ అని అడగండి. దుఃఖంలో ఉన్నవారికి తమ మాట ఒకరు చదివారన్నది ఊరట. కొన్ని నెలల తరువాత ఆయన ఆ కవితను పుస్తకంలో వేయాలనో, పోటీకి పంపాలనో అనుకొని మీ అభిప్రాయం అడిగితే అప్పుడు దాపరికం లేకుండా మాట్లాడండి. అడగకపోతే ఆ కవితను అలాగే వదిలివేయండి. ప్రతి కవితా మెరుగుపడి తీరాలన్న నియమం ఏమీ లేదు.

ప్రశ్న (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు): నా కవితను ఎవరో పేరు తీసేసి వేరే సమూహాలకు పంపారు, అది తిరిగి తిరిగి నాకే వచ్చింది. అదే కవితను ఒక పత్రికకు పంపితే ‘ఇదివరకే ప్రచురితం’ అని తిప్పి పంపారు. మరో సందేహం కూడా ఉంది. సమూహంలో ఒకరు సూచించిన పాదాన్ని నా కవితలో ఉంచుకుంటే అది నాది అవుతుందా?

జవాబు: భారతదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన కాగితం మీదకో, తెర మీదకో రాగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్ళూ ఉంటుంది. తన రచనకు తానే కర్తనని చెప్పుకునే హక్కును అదే చట్టంలోని 57వ సెక్షను ఇస్తుంది. మీరు అమెరికాలో ఉన్నా, రెండు దేశాలూ రచయితల హక్కులను దేశాల మధ్య కాపాడే బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి మీ రచనకు ఇక్కడ రక్షణ ఉంటుంది. ఇదంతా న్యాయస్థానం దాకా వెళ్ళే మాట. ఆచరణలో అయితే పేరును కవిత కింద విడిగా రాయకుండా శీర్షిక పక్కనే రాయడమూ, పంపినవారికి మర్యాదగా గుర్తుచేయడమూ ఎక్కువ పనిచేస్తాయి. చాలామంది చౌర్యం చేయాలని చేయరు, నచ్చిన నాలుగు పాదాలు కత్తిరించి పంపేస్తారు.

పత్రికల విషయంలో సంపాదకులది ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఇతర పత్రికలలో గానీ, సామాజిక మాధ్యమాలలో గానీ రాలేదని హామీపత్రం అడిగేచోట సమూహంలో పెట్టిన కవిత పనికిరాదు, ఆ మాట దాచి పంపడమూ తగదు. పత్రికకు పంపదలచిన కవితను సమూహంలో పెట్టకుండా, మీరు నమ్మే ఇద్దరు ముగ్గురికి విడిగా చూపించి అభిప్రాయం తెలుసుకోండి.

ఇక సూచించిన పాదం సంగతి. ఒక మాట మార్చమనడమో, ఒక పాదం తీసివేయమనడమో చదువరి చేసే సహాయం, దానికి కృతజ్ఞత చెబితే చాలు. ఒక పాదానికి పాదం వారిదే అయితే ఉంచుకోవచ్చునా అని ముందుగా అడగండి. వారు సరేనంటే, ఆ కవిత పుస్తకంలోకి వెళ్ళిన రోజున ముందుమాటలో వారి పేరు రాయండి.