అధిక నిర్వచనమా, తేటబొమ్మా?

సందేహం: మా ఇంటికి కొత్త హై డెఫినిషన్ టీవీ వచ్చింది. దానితో ఇచ్చిన పుస్తకంలో తెలుగు పుటలు తిరగేస్తే "అధిక నిర్వచన దూరదర్శిని" అని ఉంది. ఈ మాట సాధువేనా? ఇంకొకటి. పెట్టె మీద హెచ్‌డీ అని అంత పెద్దగా రాసినా బొమ్మ మసకగానే ఉంది, మనుషులు లావుగా కనిపిస్తున్నారు. మరి హెచ్‌డీ అన్న విశేషణం దేనికి చెందినట్టు?

సమాధానం: సాధువు కాదు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ తన చోట లేదు. 'దూరదర్శిని' టెలిస్కోపుకు వాడుతున్న పేరు. 'అధిక' అనగానే తెలుగు చెవికి ఉండవలసిన దానికి మించి ఉందని తోస్తుంది: అధిక ప్రసంగం, అధిక భారం, అధిక మాసం. ఇక 'నిర్వచనం' సంగతి తీరికగా చెప్పుకోవాలి.

'నిర్' అనే ఉపసర్గకు రెండు ముఖాలున్నాయి. నిర్జలం, నిర్ధనుడు అన్నప్పుడు లేమి. నిర్ణయం అన్నప్పుడు నిశ్చయం. మాట అర్థాన్ని విప్పి చెప్పే నిర్వచనం ఈ రెండో కోవలోది. మొదటి కోవలోనూ ఒక నిర్వచనం ఉంది. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి నెల్లూరు ఏలిన మనుమసిద్ధికి అంకితమిచ్చిన కావ్యం పేరు 'నిర్వచనోత్తర రామాయణము'. అక్కడ నిర్వచనమంటే వచనం లేనిది. నన్నయ నుంచి గద్యపద్యాలు కలిపి నడిపించే పద్ధతి ఉన్నా, ఉత్తర రామకథను పద్యాల్లోనే నడపాలని తిక్కన పూనుకున్నాడు. పద్యానికీ పద్యానికీ నడుమ కథను అందించే వచనం లేకుండా కథ తెగకుండా చెప్పడం ఎంత కష్టమో పద్యం రాసినవారికి తెలుస్తుంది. తర్వాత భారతానికి వచ్చేసరికి ఆయనే వచనాన్ని ఎంతో ఒడుపుగా వాడుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్న మాటను తీసుకెళ్లి టీవీ తెరకు అంటించారు. తిక్కన చదివినవారికి 'అధిక నిర్వచన' అంటే వచనం బొత్తిగా లేనిదని తోచినా ఆశ్చర్యం లేదు!

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం కష్టం కాదు. డెఫినిషన్ అనే మాటకు మూలం లాటిన్‌లో హద్దు. మాట అర్థానికి హద్దు గీస్తే అది నిర్వచనం. బొమ్మలో ఒక వస్తువు అంచు పక్కదానితో కలిసిపోకుండా విడిగా తెలిస్తే అదీ డెఫినిషనే. రాసినవారు నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు. తెర రిజల్యూషన్‌ను 'తీర్మానం' చేయడమూ ఈ తొందరే. మాటకు మాట పెట్టి, ఆ వాక్యాన్ని తెలుగువాడిగా ఒక్కసారి చదువుకోకుండా అచ్చుకిచ్చేస్తున్నారు. ఇది తగని పని.

మనకు కావలసిన మాట మన ఇంట్లోనే ఉంది: తేట. నీరు ఊరడంలోని 'ఊరు' నుంచి ఊట వచ్చినట్టే నీరు తేరడంలోని 'తేరు' నుంచి తేట వచ్చింది. పాత రాతలో ఊఱు, తేఱు అని బండి ఱతో ఉండేవి. తమిళంలోనూ తేఱు ఉంది. మడ్డి దిగి నీరు తేరితే అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ దేని అంచు దానికి కనిపిస్తుంది. ఇంగ్లీషువాడు డెఫినిషన్ అన్నది సరిగ్గా దీన్నే. మూర్ఛ నుంచి తేరుకోవడం, ఒకరిని తేరిపార చూడడం ఈ ధాతువు పెట్టిన భిక్షే. తెల్ల, తెలియు, తెలివి (తమిళంలో తెళి, కన్నడంలో తిళి) అర్థంలో దీనికి జంట. ఆ జంటను కలిపి కట్టినదే తేటతెల్లం. ఛందస్సులో తేటగీతి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి హెచ్‌డీ చిత్రాన్ని 'తేటబొమ్మ' అనవచ్చునని నా అభిప్రాయం. 'స్పష్టత' అన్నా దోషం లేదు.

ఇక విశేషణం దేనిదన్న ప్రశ్న. పెట్టె మీది హెచ్‌డీ ఆ తెరకు మాత్రమే విశేషణం, దానిలోకి వచ్చే బొమ్మకు కాదు. పూర్తి హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు (పిక్సెళ్లు). పాత టీవీల 625 గీతల ప్రసార పద్ధతికి సరిపోయే డిజిటల్ చిత్రంలో 720, 576 చొప్పున 4,14,720 మాత్రమే. అంటే ఒక చుక్క సమాచారాన్ని అయిదు చుక్కలకు పంచాలి, మసకబారక ఏమవుతుంది? సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీది కావాలి, చానెల్ హెచ్‌డీది కావాలి, రెంటినీ కలిపే తీగ హెచ్‌డీఎంఐ కావాలి. ఎరుపు, తెలుపు, పసుపు మూతుల పాత తీగలో పసుపుది హెచ్‌డీ బొమ్మను మోయలేదు. బాక్సు సెట్టింగుల్లో 1080 ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. 1080 పక్కన 'ఐ' ఉంటే గీతలు బేసి, సరి విడతలుగా వస్తాయి. 'పీ' ఉంటే వరుసగా వస్తాయి.

మనుషులు లావెక్కడానికి కారణం వేరు. 4:3 కొలతలో తీసిన బొమ్మను 16:9 తెర నిండా అడ్డంగా సాగదీస్తున్నారు. గుండ్రని గడియారం తెర మీద కోలగా కనిపిస్తే అదే జబ్బు. రిమోట్‌లో చిత్రం కొలతను 4:3కి మార్చండి. అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి.

'హెచ్‌డీ టీవీ' జనం నోట స్థిరపడింది, దాన్ని తోసేయమని అనను. తేటబొమ్మ నిలుస్తుందో లేదో వాడేవారు తేల్చాలి. ఆ పుస్తకం అచ్చువేసిన సంస్థకు మాత్రం ఒక ఉత్తరం రాసి, మరుసటి ముద్రణలో 'నిర్వచన' తీసేయమని అడగండి.