రెండు గంటలకు బడి

చిరంజీవి శ్రావణిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "ఇదంతా నీ వల్లే అక్కా" అంది. సంగతేమిటో నాకు ముందు అర్థం కాలేదు. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జీతం లేకుండా ఏడాదిపాటు ఇంగ్లీషు చెప్పడానికి ఇథియోపియా వెళ్తున్నావట. చిన్నప్పుడు నేను అక్కణ్ణించి తెచ్చిన నల్లమట్టి కాఫీ కూజాతో ఆడుకుని దాని మూతి విరగ్గొట్టావు కదా, అప్పుడే నీకు ఆ పిచ్చి అంటుకుందని మీ అమ్మ తేల్చేసింది. నాకూ భయమేసింది. కానీ పొద్దున్నే పాలవాడికి కూడా ఈ వార్త చెప్పానని మీ పెదనాన్న నవ్వుతున్నారు.

ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. బయల్దేరడానికి కనీసం పదిరోజుల ముందు. ఆ కార్డు పారేశావంటే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. దోమతెర పట్టుకెళ్ళు, నీళ్ళు కాచుకుని తాగు. చీకటి పడ్డాక ఒంటరిగా నడవకు. నవ్వకు, ఇది మాత్రం నిజంగా చెప్తున్నాను. అక్కడ నేను టీచరుగా పనిచేసిన బాహిర్‌దార్‌లో మా ఇంటి వెనక రాత్రిళ్ళు హైనాలు అరిచేవి. ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో ఆ అరుపు వినపడి లేచి తలుపు గడియ చూసుకుంటాను. నువ్వు వెళ్ళే హవాసా పెద్ద ఊరే, మా ఊరిలాగే సరస్సు ఒడ్డున ఉంటుంది. అయినా సరే.

తిండికి బెంగలేదు. ఇంజెరా అంటే బాగా పులిసిన పెద్ద దోసె అనుకో. షిరో మన బొంబాయి చట్నీకి ఎర్రకారం బాగా పట్టించినట్టు ఉంటుంది. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం. మనలాగా పాలూ పళ్ళూ కాదు, పాలు కూడా ముట్టరు. "యెత్సోమ్", అంటే ఉపవాసపు తిండి, అని అడిగితే ఆ రోజుల్లో చాలా హోటళ్ళలో కూరలూ పప్పులూ పెడతారు. వాళ్ళ అక్షరాలు కూడా వెళ్ళిన నెలలోనే నేర్చేసుకో. హ, హు, హి అంటూ మన గుణింతంలాగే ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు. తెలుగు పిల్లకి అదేం కష్టం కాదు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నేను జూనియర్ కాలేజీలో లీవు పెట్టి 2006లో వెళ్ళాను. వాళ్ళ క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక అనీ, ఏడాదికి పదమూడు నెలలనీ ముందే చెప్పారు. మరుసటి ఏడు సెప్టెంబరు 12న ఊరంతా దీపాలు పెట్టుకుని 2000 సంవత్సరానికి స్వాగతం చెప్తే, ఆ సంవత్సరాన్ని రెండుసార్లు చూసినదాన్ని అయ్యాను. కానీ గడియారం గురించి ఎవరూ చెప్పలేదు.

వెళ్ళిన రెండో నెలలో చిన్న టెస్టు పెట్టాను. 'మీ బడి ఎన్నింటికి మొదలవుతుంది?' అని ఒక ప్రశ్న. ఎనిమిదింటికి బెల్లు కొట్టే బడిలో కూర్చుని తరగతి తరగతంతా 'రెండు గంటలకు' అని రాసింది. నాకేమనిపించిందో తెలుసా? ఒకడు తప్పు రాస్తే అందరూ చూసి కొట్టేశారని! అరవై పేపర్ల మీదా ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, కాపీ కొట్టడం ఎంత నీచమో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నా నోటి సంగతి నీకు తెలుసు కదా.

ఆ తరగతిలోనే దావిత్ అని ఒక కుర్రాడు. మా అమ్మ మిమ్మల్ని ఆదివారం కాఫీకి రమ్మంది టీచర్, పది గంటలకు, అని ఇంగ్లీషులో తప్పులేకుండా చెప్పాడు. మంగళగిరి చీర కట్టుకుని, బిస్కెట్ పాకెట్టు పట్టుకుని సరిగ్గా పదింటికి వెళ్ళాను. రేకుల గేటుకి తాళం. ఎండలో అరగంట నిలబడి, తిరిగొచ్చేశాను. సోమవారం వాణ్ణి నిలబెట్టి, మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో తరగతి ముందు అడిగాను. వాడేదో చెప్పబోతే "సాకులు వద్దు" అన్నాను. తల దించుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత వాడు నా క్లాసులో నోరు తెరవలేదు.

రెండు వారాల తర్వాత, పదకొండింటప్పుడు బడి గేటు దగ్గర కాపలా ముసలాయన చేతి వాచీ చూశాను. ఐదు చూపిస్తోంది. మీ వాచీ ఆగిపోయిందని సైగ చేశాను. ఆయన దాన్ని విప్పి నా చెవికి ఆనించాడు. టిక్కు టిక్కుమంటోంది. పొద్దు పొడిచే తూర్పు వైపు చూపించి, వేళ్ళు లెక్కపెట్టి చెప్పాడు. వాళ్ళకి పొద్దు పొడిచాకే లెక్క మొదలు. మన ఏడు వాళ్ళకి ఒంటిగంట. మన ఎనిమిది, రెండు. దావిత్ చెప్పిన పది అంటే సాయంత్రం నాలుగు. నేను వెళ్ళిన వేళకి వాళ్ళు చర్చిలో ఉన్నారు.

మా నాయనమ్మ "పొద్దెక్కి నాలుగు గడియలైంది" అంటుండేది. ఆమె ఒళ్ళో పెరిగిన నాకు ఆ పిల్లలు రాసింది తప్పుగా కనపడింది చూడు!

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ఆదివారం దావిత్ వాళ్ళమ్మ నేను మాంసం తిననని విని, ఉపవాసం కాకపోయినా వేరేగా వండిందట. నేల మీద పచ్చగడ్డి పరిచి, చీకటిపడేదాకా గేటు తెరిచి ఉంచిందట. "యికిర్తా" అన్నాను. క్షమించమనడానికి నాకు తెలిసిన మాట అదొక్కటే. ఆమె ఏమీ అనలేదు. ఇంజెరా ముక్కలో పప్పు చుట్టి, తన చేత్తో నా నోటికి అందించింది. దాన్ని గుర్షా అంటారు, ప్రేమతో పెట్టే ముద్ద. ఎంగిలి, మడి అంటూ పెరిగిన మీ పెద్దమ్మ, ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టనిది, నోరు తెరిచింది. ముద్ద పెద్దది. కళ్ళలో నీళ్ళు కారం వల్లే అనుకున్నారు అందరూ.

తర్వాత టెస్టు పేపర్లు అడిగి తీసుకుని, అందరికీ మార్కులు కలిపాను. దావిత్‌కి తరగతి ముందే సారీ చెప్పాను. తిట్టింది తరగతి ముందు కదా. మళ్ళీ చెయ్యెత్తి మాట్లాడటానికి వాడికి క్రిస్మస్ దాకా పట్టింది. వాళ్ళ క్రిస్మస్ జనవరిలో వస్తుంది.

నీకూ నా నోరే వచ్చిందే అమ్మడూ. అందుకే నా భయం. పైగా నువ్వు జీతం తీసుకోకుండా చెప్తున్నావు. ఊరికే చేస్తున్నాం కదా అనుకునేవాళ్ళకి కోపం ఇంకా తొందరగా వస్తుంది. తరగతంతా ఒకే తప్పు రాస్తే, ఎర్రపెన్ను పక్కన పెట్టి బయటికెళ్ళి గేటు దగ్గర మనిషిని అడుగు.

ఎవరైనా కాఫీకి పిలిస్తే రెండు గంటలు చేతిలో ఉంచుకుని వెళ్ళు. పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగ నీ ముఖం దగ్గరికి తెస్తారు. ముక్కు మూసుకోకు, చేత్తో దగ్గరికి తీసుకో. మూడు కప్పులు ఇస్తారు. మూడో దాని పేరు బెరెకా, అంటే దీవెన. ఒక్క కప్పు తాగి లేచిపోకు. వచ్చేటప్పుడు నాకొక కూజా పట్టుకురా, మూతి జాగ్రత్త.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం దిగులుగా ఉంటాయి. దానికి మందు నాకూ దొరకలేదు. బట్టలు ఉతుక్కునేదాన్ని.

మీ అమ్మ రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. అప్పటికి అక్కడ ఏడు, వాళ్ళ లెక్కలో ఒంటిగంట. రోజూ ఒంటిగంట లోపల ఫోన్ చెయ్యి. నాకు చెయ్యకపోయినా ఫరవాలేదు, ఆవిడే నాకు చెప్తుంది.

ఇట్లు
మీ పెద్దమ్మ