ఆట ఆగినా ఇంటికి జీతం ఆగకూడదంటే

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాకు 27 ఏళ్లు. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండర్‌గా ఆడుతున్నాను. ఏడాదికి 36 లక్షల కాంట్రాక్టు, ఇంకో ఏడాదిన్నర ఉంది. నెలకు 10 శాతం టీడీఎస్ పోను 2 లక్షల 70 వేలు చేతికొస్తాయి. ఉండటానికి ఫ్లాటు, భోజనం క్లబ్బే చూస్తుంది. ఇంటికి నెలకు 40 వేలు పంపుతాను, నా ఖర్చు 30 వేలు. కారు లోను ఇంకా 6 లక్షలు బాకీ. సేవింగ్స్ ఖాతాలో 22 లక్షలు ఉన్నాయి. పోయిన ఏడాది మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషనయింది, ఏడు నెలలు ఆడలేదు. అంతకుముందు ఆడిన క్లబ్బు మూడు నెలల జీతం ఆలస్యంగా ఇచ్చింది. నాన్న లారీ డ్రైవరు, చెల్లి బీటెక్ మూడో ఏడాది. ఒక ఫ్రెండు హైదరాబాద్‌లో టర్ఫ్ గ్రౌండ్ పెడదామంటున్నాడు, నా వాటా 20 లక్షలు. మామయ్యేమో ప్లాటు కొనమంటున్నాడు. 33 దాకా ఆడతాననుకుంటున్నాను. ఆట అయిపోయాక ఏం చేస్తావురా అని అమ్మ అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచీ బంతి తప్ప ఇంకోటి ఆలోచించలేదు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది 22 లక్షలు కాదు, 27 ఏళ్లు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన మన ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట ఆపేయాల్సి వచ్చింది. పుట్టింది 1936లో, అంటే అప్పటికి దాదాపు మీ వయసే. ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్లు బతికి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. బాగా ఆడిన ఏళ్లు పదికి లోపు, ఆట లేకుండా గడిపినవి అరవై. భయపెట్టడానికి ఇది రాయడం లేదు. మీ డబ్బు లెక్క ఈ రెండు అంకెల మధ్యే వేయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తరం వాళ్లకు ఫుట్‌బాల్‌తో పెద్దగా డబ్బు రాలేదు. కానీ చాలామందికి వెనకాల ఒక ఉద్యోగం ఉండేది. కోచ్ రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు అప్పటి పెద్ద టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. పేరులోనే ఉంది, అది పోలీసు శాఖ జట్టు. ఆ రహీమ్ సాబ్ కూడా వృత్తికి బడిపంతులే. బలరామ్ గారి చివరి జట్టు రైల్వే వాళ్ల బీఎన్ఆర్. కేరళలో ఐ.ఎం. విజయన్ త్రిశూర్ స్టేడియంలో సోడాలు అమ్మిన కుర్రాడు. కేరళ పోలీసులో చేరాడు, పెద్ద క్లబ్బులకు ఆడాడు, మళ్లీ అదే శాఖకు వచ్చి 2025లో పదవీ విరమణ చేశాడు. పద్మశ్రీ కూడా ఆ ఏడాదే వచ్చింది. కాలు నొప్పెట్టినా, గోల్ కొట్టకపోయినా ఒకటో తారీఖు జీతం ఆగని ఏర్పాటు అది.

మీకు ఆ ఏర్పాటు లేదు. క్లబ్బు మీకిచ్చేది వృత్తి ఫీజు. అందులో పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, పింఛను లేదు. క్లబ్బు కూడా శాశ్వతం కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025 వచ్చేసరికి ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది జులైలో, ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో ఒప్పందం డిసెంబరులో ముగుస్తోందని లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్‌నే పక్కన పెట్టారు, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పాత ఆటగాళ్లకు డిపార్ట్‌మెంట్ చేసిన పని ఇప్పుడు మీకు మీరే చేసుకోవాలి. ఆడే ఈ కొద్ది ఏళ్ల ఫీజును ఆ తర్వాతి ఏళ్ల జీతంగా మార్చాలి.

ముందు పన్ను సంగతి తేలుద్దాం. ఇక్కడ మీరు చిక్కులో పడబోతున్నారు, ఆ విషయం మీకు తెలిసినట్టు లేదు. 10 శాతం టీడీఎస్ కోశారంటే పన్ను కట్టేసినట్టు కాదు. కొత్త పన్ను విధానంలో 36 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 6 లక్షల 86 వేలు దాటుతుంది. క్లబ్బు కోసింది 3 లక్షల 60 వేలే. మిగతాది మీరు కట్టాలి. ఫీజుగా వచ్చే ఆదాయం కాబట్టి ఏజెంటు కమీషన్, సొంతంగా పెట్టుకున్న ఫిజియో, బూట్లు, ఆఫ్ సీజన్ ట్రైనర్ ఖర్చులు బిల్లులుంటే ఆదాయంలోంచి తీసేయొచ్చు. అవి 4 లక్షలనుకుంటే పన్ను 5 లక్షల 61 వేలకు దిగుతుంది. అప్పుడు కూడా ఇంకా 2 లక్షలు మీ చేతి నుంచే పోవాలి. అది మార్చి దాకా ఆగి కట్టేది కాదు. జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లో అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టకపోతే వడ్డీ పడుతుంది. ఫీజు ఏడాదికి 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి కూడా ఉంది. కాంట్రాక్టు కాగితం పట్టుకుని ఈ నెలలోనే ఒక సీఏను కలవండి. గత రెండేళ్ల రిటర్నులు కూడా చూపించండి.

ఇప్పుడు 22 లక్షలు. ఒకే బ్యాంకులో, ఒకే ఖాతాలో ఉంటే అందులో బీమా రక్షణ 5 లక్షలకే. దాంట్లోంచి పన్ను కోసం 2 లక్షలు పక్కన పెట్టండి. 6 లక్షలతో కారు లోను తీర్చేయండి. సేవింగ్స్ ఖాతాలో వచ్చే వడ్డీకి, కారు లోనుకు కట్టే వడ్డీకి మధ్య తేడా ఊరికే పోతోంది. 8 లక్షల 40 వేలు రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా పెట్టండి. నెలకు 70 వేల చొప్పున సరిగ్గా పన్నెండు నెలల ఖర్చు అది. ఉద్యోగస్తులకు నేను ఆరు నెలల నిల్వ చాలంటాను. మూడు నెలల జీతం ఆగిన అనుభవం, ఏడు నెలల గాయం రెండూ చూసిన మీకు ఏడాది కంటే తక్కువ చెప్పడానికి నాకు మనసొప్పదు. మిగిలిన 5 లక్షల 60 వేలు చెల్లి పేరు మీద అనుకోండి, అదీ డిపాజిట్టే.

తర్వాత రెండు ఖాతాల పద్ధతి. క్లబ్బు డబ్బు ఒక ఖాతాలోకి మాత్రమే రావాలి. అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 70 వేలు రెండో ఖాతాకు వెళ్లాలి. ఇంటి ఖర్చు, మీ ఖర్చు రెండో దానిలోంచే. బోనస్ వచ్చిన నెల అయినా 70 వేలే, క్లబ్బు ఎగ్గొట్టిన నెల అయినా 70 వేలే. ఈ చిన్న ఏర్పాటే మీ డిపార్ట్‌మెంట్. దీన్ని మొదలుపెట్టిన క్రీడాకారులు మూడు నాలుగు నెలల్లోనే ఎంత తేలికపడతారో నేను చూశాను. ఇంట్లో వాళ్లకీ క్లబ్బు వార్తలు చూసి గుండె దడ పుట్టడం తగ్గుతుంది.

మీరు 33 అన్నారు. నేను 31 అని లెక్క వేశాను. ఆపరేషన్ అయిన మోకాలు అది, డిఫెండర్ ఆట అది. రెండేళ్లు ఎక్కువ ఆడితే అది మీకు కలిసొచ్చే లాభం. ఇదే స్థాయి కాంట్రాక్టు నాలుగేళ్లు నడిస్తే, పన్ను, ఆట ఖర్చులు, ఇంటి ఖర్చులు పోను ఏడాదికి 18 లక్షల దాకా మిగులుతాయి. నాలుగేళ్లకు 72 లక్షలు. ఇందులో మొదటి 25 లక్షలు ఆట ఆపాక మూడేళ్ల ఇంటి ఖర్చు. దీన్ని షేర్లలో పెట్టొద్దు. డిపాజిట్లు, లేదా బాండ్లలో పెట్టే తక్కువ రిస్కున్న డెట్ ఫండ్లు. ఆట ఆపిన రోజే మార్కెట్ పడిపోయి ఉంటే మీకు ఎదురుచూసే వ్యవధి ఉండదు. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర. షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 60 వేలు. ఈ నెలవారీ వాయిదాను, అంటే సిప్‌ను, క్లబ్బు డబ్బు వచ్చే ఖాతాకు నేరుగా కట్టొద్దు, జీతం ఆలస్యమైతే అది బౌన్స్ అవుతుంది. మూడు నెలల వాయిదాల డబ్బు ముందే రెండో ఖాతాలో వేసి ఉంచండి. మిగిలిన పన్నెండు లక్షలు చెల్లి పెళ్లికి, మీ చదువుకు.

నెలకు 60 వేలు నాలుగేళ్లు కట్టి, ఆ తర్వాత ముట్టుకోకుండా మీ 50వ ఏట దాకా ఉంచితే, సగటున 10 శాతం పెరిగితే సుమారు 2 కోట్ల 15 లక్షలవుతాయి. అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఇవాళ్టి 56 లక్షలతో సమానం. రిటర్న్ గ్యారంటీ కూడా కాదు. నిజం చెప్పాలంటే ఈ డబ్బు ఒక్కటే మిమ్మల్ని జన్మంతా పోషించదు. తొందరపడి ఏ పని పడితే ఆ పని ఒప్పుకోకుండా, తర్వాతి పనిని నిదానంగా ఎంచుకునే వీలిస్తుంది. తర్వాతి కాంట్రాక్టు సగానికి తగ్గితే ముందు సిప్ తగ్గించండి, మూడేళ్ల ఖర్చు డబ్బు జోలికి పోవద్దు.

టర్ఫ్ గురించి. ఆడుతున్నంత కాలం వద్దు. లాభం రాదని కాదు. గ్రౌండ్ లీజు స్థలంలో ఉంటుంది, కృత్రిమ గడ్డి కార్పెట్ కొన్నేళ్లకు మార్చాలి, వానాకాలం బుకింగులు పడిపోతాయి, పక్కవీధిలో ఇంకోటి వస్తే రేటు పడుతుంది. రోజూ సాయంత్రం అక్కడ నిలబడే మనిషి కావాలి, ఆ సమయంలో మీరు ఇంకో రాష్ట్రంలో ట్రైనింగ్‌లో ఉంటారు. పైగా మీ ఆదాయం ఫుట్‌బాల్, మీ ఒళ్లు ఫుట్‌బాల్, మీ పెట్టుబడీ ఫుట్‌బాలే అయితే ఒక్క దెబ్బకు మూడూ పోతాయి. స్నేహితుడి మీద నమ్మకముంటే ఈ ఆఫ్ సీజన్‌లో నెల రోజులు ఆయన దగ్గర పిల్లలకు కోచింగ్ ఇవ్వండి, లెక్కల పుస్తకం దగ్గర కూర్చోండి. ఆయన బ్యాంకు లోనుకు హామీ సంతకం మాత్రం పెట్టొద్దు. ప్లాటు సంగతి ఇంకా తేలిక: అవసరమైన నెలలో అమ్ముడుపోని ఆస్తి మీ పరిస్థితికి పనికిరాదు. మామయ్యకు నొచ్చుకోకుండా చెప్పండి, 31 తర్వాత చూద్దామని.

బీమా విషయంలో క్రీడాకారులు బాగా మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ప్రమాద బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఆ పాలసీల్లో శాశ్వత వైకల్యం అంటే చెయ్యో కాలో కన్నో పోవడం. లిగమెంట్ తెగి ఆట పోయినా మీరు నడుస్తారు కాబట్టి రూపాయి రాకపోవచ్చు. చాలా పాలసీలు వృత్తి క్రీడల్లో తగిలిన గాయాన్ని పూర్తిగా మినహాయిస్తాయి. కాబట్టి గాయానికి మీ అసలు బీమా మీ కాంట్రాక్టే. గాయమైనప్పుడు జీతం ఎన్ని నెలలిస్తారు, ఆపరేషన్ ఎవరి ఖర్చు, రీహాబ్ ఎవరి ఖర్చు, ఇవి రాతలో ఉన్నాయో లేదో చూడండి. తర్వాతి సంతకం పెట్టేటప్పుడు ఒక లక్ష ఫీజు తగ్గించుకునైనా ఈ మాటలు రాయించుకోండి. ఇది కాక కోటి రూపాయల టర్మ్ జీవిత బీమా పాలసీ, అమ్మానాన్నలతో కలిపి సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. క్లబ్బు ఇచ్చేది క్లబ్బుతోనే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఫారంలో వృత్తి దగ్గర ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అనే రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. అది దాచిన పాలసీ క్లెయిమ్ రోజున చిత్తు కాగితమవుతుంది.

జీతం మళ్లీ ఆగితే మొహమాటపడొద్దు. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఎగ్గొడితే, క్లబ్బుకు రాతపూర్వకంగా 15 రోజుల నోటీసిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు ఆటగాడికి ఉంది. 2006లో ఏర్పడిన ఆటగాళ్ల సంఘం ఎఫ్‌పీఏఐ ఉంది, సభ్యత్వం తీసుకోండి. వాట్సాప్ మెసేజీలు కాదు, ఈమెయిళ్లు దాచుకోండి.

ఇక అమ్మ ప్రశ్న. బంతి తప్ప ఇంకోటి తెలియదని రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఏడు నెలలు, ఎవరూ చప్పట్లు కొట్టని గదిలో, రోజూ అదే మోకాలిని అంగుళం అంగుళం వంచి మళ్లీ మైదానంలోకి వచ్చారు. నా దగ్గరకొచ్చే పెద్ద జీతగాళ్లలో ఆ నిలకడ ఉన్నవాళ్లు కొద్దిమందే. మీకు లేనిది కాగితం మాత్రమే. అది సంపాదించడం మొదలుపెట్టాలి, ఆడుతుండగానే. డిగ్రీ లేకపోతే ఇగ్నోలో చేరండి, హోటల్ గదుల్లో మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాయి కదా. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల నోటిఫికేషన్లకు వయసు పరిమితులుంటాయి, ఆట ఫలితాలు కూడా ఇటీవలివే అడుగుతారు. మీకు అర్హత ఉన్నవి ఏవో ఇప్పుడే చూడండి, 31లో కాదు. ఈ ఆఫ్ సీజన్‌లో కోచింగ్ డి లైసెన్సుకు పేరివ్వండి. అది కింది మెట్టు, కొద్ది రోజుల కోర్సు. దాని మీదే సి, బి, ఎ, ప్రో ఉంటాయి. మాజీ ఆటగాడు ఖాలిద్ జమీల్ 2009లో, 32 ఏళ్లకే ముంబై ఎఫ్‌సీకి కోచ్ అయ్యారు. 2017లో మిజోరం క్లబ్ ఐజ్వాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలబెట్టారు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు చేతికొచ్చింది. కోచింగ్ మీకు నచ్చకపోవచ్చు. నచ్చదని తెలుసుకోవడానికైనా ఆ కొద్ది రోజులు పెట్టండి. అనంతపురంలోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామం ఉంది, అక్కడ పిల్లలతో ఒక వారం గడిపినా మీకు చాలా అర్థమవుతుంది.

అమ్మకు ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు పెద్ద జవాబేమీ చెప్పక్కర్లేదు. క్లబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చే పన్నెండు నెలలు ఒకటో తారీఖున 40 వేలు వస్తాయని చెప్పండి. ఆ డబ్బు ఇప్పటికే మీ ఖాతాలో ఉంది. సోమవారం బ్యాంకుకు వెళ్లి వేరు చేస్తే చాలు.